మున్నార్ నీలకురింజి నుంచి కోరింగ మడ దాకా: ఏ పూలు ఎక్కడ, ఎప్పుడు?

సంచారి_గుంటూరు | జులై 6, ఉదయం 8:40

అందరికీ నమస్కారం. సెప్టెంబరు రెండో వారంలో అమ్మానాన్నలను, ఇద్దరు పిల్లలను తీసుకుని మున్నార్ వెళ్దామనుకుంటున్నాం. అసలు కారణం నీలకురింజి. మా బంధువుల వాట్సాప్ గుంపులో కొండకు కొండే నీలంగా మారిన ఫొటో ఒకటి వచ్చింది. కింద "పన్నెండేళ్ళకోసారి మాత్రమే, ఈ సెప్టెంబరులోనే" అని రాసి ఉంది. అమ్మకు పూలంటే ప్రాణం. ఫొటో చూసినప్పటి నుంచి ఎప్పుడు బయల్దేరుతున్నామని అడుగుతూనే ఉంది. టికెట్లు ఇంకా తీసుకోలేదు. రాజమల దగ్గర పూలు బాగా కనిపిస్తాయని విన్నాను. నాన్నకు మోకాళ్ళ నొప్పి, ఎక్కువ నడవలేరు. గుంటూరు నుంచి రైలు ఏది మంచిదో, అక్కడ ఎన్ని రోజులు ఉండాలో తెలిసినవారు చెప్పగలరా?

నీలిమబ్బు_కొచ్చి | జులై 6, ఉదయం 9:55

టికెట్లు తీసుకోకముందే అడిగారు, మంచి పని చేశారు. మున్నార్ కొండల్లో నీలకురింజి పెద్దఎత్తున పూసింది 2006లో, ఆ తర్వాత 2018లో. మళ్ళీ పూసేది 2030లో. ఈ సెప్టెంబరులో రాజమల వెళ్తే మీకు కురింజి పొదలు కనిపిస్తాయి, పూలు కనిపించవు. దారి తప్పి ఒకటీ అరా పొద ముందే పూయడం ఉంటుంది కానీ, దాన్ని నమ్ముకుని అంతదూరం పెద్దవాళ్ళను తీసుకురావద్దు.

ఆ ఫొటో ఏటా జులైలో తిరుగుతుంది. కంప్యూటర్లో రంగు పెంచిన ఫొటోలే ఎక్కువ. అసలు పువ్వు లేత నీలం, కాస్త ఊదా కలిసిన రంగు. విచ్చినప్పుడు నీలంగా ఉండి, వాడేకొద్దీ ఊదాకు తిరుగుతుంది. ఎండ ఏటవాలుగా పడే ఉదయాల్లో కొండవాలు మీద ఆ రంగు ఎంత నెమ్మదైనదో ఫొటోలో రాదు. 2018లో చూశాను కాబట్టి చెప్తున్నాను. ఆ ఏడు ఆగస్టు వరదలకు మున్నార్ దారులు తెగిపోయాయి. రాజమలకు వెళ్ళే దారిలో పెరియవర వంతెన కూలింది. వానలు తగ్గాక మిగిలిన పూలు వాలుల మీద అక్కడక్కడా గుంపులుగా పూశాయి. అంతటి వానను తట్టుకుని పూసినందుకే అవి నాకు ఇంకా ప్రియమయ్యాయి.

పూలు లేకపోయినా మున్నార్ రండి. అది వేరే సంగతి, తర్వాత రాస్తాను.

కాఫీతోట_బెంగళూరు | జులై 6, మధ్యాహ్నం 12:20

కొచ్చి మిత్రులు చెప్పింది మున్నార్ వరకు సరైనదే. కానీ కురింజి అంటే పన్నెండేళ్ళ దాకా ఎక్కడా దొరకదనుకోనక్కర్లేదు. 2021లో కొడగులోని మాందల్‌పట్టి కొండలు పూశాయి. 2022 సెప్టెంబరులో చిక్కమగళూరు పైన ముళ్ళయ్యనగిరి, చంద్రద్రోణ కొండలు నీలమయ్యాయి. అదే ఏడు అక్టోబరులో ఇడుక్కి జిల్లా శాంతన్‌పార దగ్గర కల్లిప్పార కొండ పూసింది. 2024లో నీలగిరుల్లో కొన్నిచోట్ల పూశాయి. ఒక్కో కొండకు ఒక్కో లెక్క. అందుకని ఏటా ఆగస్టు నుంచి పత్రికల జిల్లా పేజీలు చూస్తుండాలి.

సంచారి_గుంటూరు | జులై 6, మధ్యాహ్నం 1:05

అమ్మకు చెప్పాను, కాస్త నిరాశపడింది. అయితే ఒక సందేహం. ఒకే మొక్కయితే కొండకో లెక్క ఎందుకు? అసలు పన్నెండేళ్ళు ఎందుకు ఆగుతుంది? పిల్లలు కూడా ఇదే అడుగుతున్నారు.

మొక్కల_మాస్టారు | జులై 6, రాత్రి 8:30

ఈ ప్రశ్నకు నాలుగు మాటల్లో జవాబు చెప్పి వదిలేయడం నాకు చేతకాదు. పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని చదవండి.

మొదట పేర్లు. కురింజి అన్న మాటను కొండవాళ్ళు ఒక్క మొక్కకే వాడరు. స్ట్రోబిలాంథిస్ అనే ప్రజాతిలో పడమటి కనుమల్లో పదుల కొద్దీ జాతులున్నాయి. మున్నార్‌లో పన్నెండేళ్ళకు పూసేది స్ట్రోబిలాంథిస్ కుంథియానా. చిక్కమగళూరు, కొడగు కొండల మీద పూసింది చాలావరకు స్ట్రోబిలాంథిస్ సెస్సిలిస్, దాని గడువు ఇంకా తక్కువ. మహారాష్ట్రలో కార్వి అనేది స్ట్రోబిలాంథిస్ కల్లోసా, ఎనిమిదేళ్ళకోసారి పూస్తుంది. ఇక ఒకే జాతి మొక్కలైనా, ఎప్పుడో ఒక కొండ మీద విత్తు వేరే ఏట పడి ఉంటే ఆ కొండ లెక్క అక్కడి నుంచే మొదలవుతుంది. కల్లిప్పారలో 2022లో పూసినది మున్నార్ జాతే.

పన్నెండేళ్ళ లెక్క ఊహ కాదు. 1838 నుంచి రాతపూర్వకంగా నమోదై ఉంది: 1838, 1850, 1862, అలా 1994, 2006, 2018. అంతకన్నా ముందు నుంచే ఆ కొండల్లో ఉండే ముదువన్, పళియన్ గిరిజనులు తమ వయసును కురింజి పూతలతో లెక్కపెట్టుకునేవారు. ప్రాచీన తమిళ కవులు నేలను ఐదు తిణైలుగా, అంటే ఐదు సీమలుగా విభజించి, కొండసీమకు ఈ పువ్వు పేరే పెట్టారు. ఆ సీమకు దైవం మురుగన్. కొడైకెనాల్‌లో కురింజి ఆండవర్ గుడి ఆయనదే.

ఇప్పుడు అసలు సంగతి. ఈ మొక్క జీవితంలో ఒక్కసారే పూస్తుంది. పూసి, విత్తు కట్టి, ఎండి చనిపోతుంది. వెదురుది కూడా ఇదే పద్ధతి. మొక్కలన్నీ ఒకే ఏడాది పూసి లెక్కలేనన్ని విత్తులు రాలిస్తే, వాటిని తినే పురుగులు, పక్షులు, ఎలుకలు ఎంత తిన్నా ఇంకా మిగులుతాయి. ఏటా కొన్ని చొప్పున రాలిస్తే అన్నీ వాటి పొట్టల్లోకే పోతాయి. మధ్య ఏళ్ళలో తిండి దొరకదు కాబట్టి ఆ విత్తుల మీదే బతికే జీవులు పెరగవు. శాస్త్రజ్ఞులు ఇచ్చే బలమైన వివరణ ఇది.

కాబట్టి పూసిన ఏడాది ఒక కొమ్మ తుంచితే ఆ మొక్క పన్నెండేళ్ళ ఎదురుచూపులో ఒక భాగం విత్తు కాకుండానే పోయినట్టు. మొక్కనే పీకితే దానికి సంతానం లేదు. మల్లె కొమ్మ తుంచడం, కురింజి కొమ్మ తుంచడం ఒకటి కావు. ఈ ఒక్క మాట మీ పిల్లలకు గట్టిగా చెప్పండి.

పూలరైతు_అనంత | జులై 7, ఉదయం 6:15

మాస్టారికి నమస్కారం. కురింజిది కనకాంబరం కుటుంబమే అని ఎవరో అన్నారు. నిజమేనా? మేము మా ఊళ్ళో కనకాంబరం తోట పెడతాం. మా మొక్క ఏడాది పొడవునా పూస్తూనే ఉంటుంది కదా, రెండూ ఒక ఇంటివి ఎలా అవుతాయి?

మొక్కల_మాస్టారు | జులై 7, ఉదయం 7:40

నూటికి నూరుపాళ్ళు నిజం. కుటుంబం పేరు అకాంథేసి. మన అడ్డసరం కుటుంబం అనుకోవచ్చు. ప్రపంచమంతటా కలిపి నాలుగు వేలకు పైగా జాతులు. గ్రీకు రాతి స్తంభాల తలల మీద చెక్కిన ఆకు ఉంది చూశారా, ఆ అకాంథస్ పేరు మీదే ఈ కుటుంబం పేరు వచ్చింది.

మనం రోజూ చూసే బంధువులే చాలామంది ఉన్నారు. అడ్డసరం, నేలవేము, నీరుగొబ్బి, ముళ్ళగోరింట, నాగమల్లి, ఇంకా చలికాలంలో ఆడపిల్లలు జడలో పెట్టుకునే డిసెంబరాలు. అడ్డసరాన్ని మేకలు ముట్టవు, అందుకే పల్లెల్లో కంచెగా నాటేవారు. అందులోని వాసిసిన్ అనే పదార్థాన్ని ఆధారం చేసుకునే, కఫాన్ని పలుచన చేసే బ్రోమ్‌హెక్సిన్ మందును తయారుచేశారు.

మీ తోటలోనే ఒకటి గమనించండి. ఆకులు ఎదురెదురుగా జంటలుగా ఉంటాయి. పువ్వు కింద చిన్న ఆకుల్లాంటి ఆకుపచ్చని పుష్పపుచ్ఛాలు కంకిలా పేర్చి ఉంటాయి. ఎండిన కాయకు నీళ్ళు తగిలితే టప్పుమని రెండుగా విచ్చి గింజను దూరంగా విసిరేస్తుంది. కాయ లోపల గింజ కింద చిన్న కొక్కెం ఉండి, అదే గింజను ఎగరగొడుతుంది. కురింజి కాయ కూడా ఇదే చేస్తుంది. బడి పిల్లలు నోట్లో తడిపి పేల్చుకునే ఆ నీలిపూల కలుపు మొక్క కాయలది కూడా ఇదే ఆట, అది అమెరికా ఉష్ణమండలం నుంచి వచ్చిన రుయెల్లియా.

కనకాంబరం అలా కాదు, దక్షిణ భారతం, శ్రీలంకల సొంత మొక్క. ఇంత అందమైనది మన నేల నుంచే లోకమంతా వెళ్ళిందని మీలాంటి రైతులు గర్వంగా చెప్పుకోవచ్చు.

పూలరైతు_అనంత | జులై 7, ఉదయం 9:10

కాయ పేలడం మాకు బాగా తెలుసు. విత్తనం కోసం కోసేవాళ్ళు కాయలు పూర్తిగా ఎండకముందే కంకి తీసేయాలి, లేకపోతే వాన చినుకు పడగానే గింజంతా నేలపాలు. అయితే మేము ఇప్పుడు వేసే ఢిల్లీ కనకాంబరానికి గింజే రాదు, కొమ్మలు నాటుకోవాలి. నాటు రకం కన్నా పువ్వు రంగు ముదురు, బజారులో ధర ఎక్కువ. నులిపురుగు పట్టిందంటే మాత్రం వేరు బుడిపెలు కట్టి తోట మొత్తం దెబ్బతింటుంది.

సంచారి గారూ, పూలు చూడాలన్న మీ అమ్మగారి కోరికకు మా తోటకు రమ్మని కూడా చెప్తాను. తెల్లవారుజామున పూలు కోసే వేళకు రావాలి.

మొక్కల_మాస్టారు | జులై 7, ఉదయం 9:35

ఢిల్లీ రకానికి గింజ రాకపోవడానికి కారణం అది త్రిస్థితిక మొక్క కావడం. మామూలు మొక్కలో ఒక్కో క్రోమోజోము రెండేసి ప్రతులుగా ఉంటుంది, దీనిలో మూడేసి. వాటిని సమంగా పంచలేక గింజ కట్టదు. రైతు అనుభవం, పాఠ్యపుస్తకం ఒకే మాట చెప్పినప్పుడు నాకు చాలా సంతోషంగా ఉంటుంది.

వానచినుకు_పుణె | జులై 7, సాయంత్రం 5:50

మాస్టారు కార్వి ప్రస్తావించారు కాబట్టి ఇక్కడి సంగతి. ముంబయి సంజయ్ గాంధీ జాతీయవనంలో కార్వి 2016లో, మళ్ళీ 2024లో పూసింది. ఈ కార్వి కట్టెలను పల్లెల్లో గుడిసె గోడలకు దడిలా అల్లి, పైన మట్టి, పేడ మెత్తుతారు. కార్వి తేనెకు కూడా మంచి పేరు.

సంచారి గారు సెప్టెంబరులోనే వెళ్ళాలనుకుంటే సతారా దగ్గర కాస్ పఠారం గురించి ఆలోచించండి. సతారా నుంచి ఇరవై అయిదు కిలోమీటర్ల దూరం. సముద్రమట్టానికి 1,200 మీటర్ల ఎత్తున నల్లటి రాతి పలక మీద పలుచటి మట్టి, దాని మీద వానాకాలం చివర పుట్టే వందల రకాల చిన్న పూలు. 2012లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన పడమటి కనుమల ప్రాంతాల్లో ఇదొకటి. ఇక్కడ కురింజి చుట్టం టోప్లి కార్వి ఏడేళ్ళకోసారి పూస్తుంది, పొద బోర్లించిన గంపలా ఉంటుంది. అది పూయని ఏళ్ళలో కూడా పురుగులు తినే డ్రోసెరా, యూట్రిక్యులేరియా మొక్కలు చూడొచ్చు. రోజుకు ఇంతమందినే అన్న పరిమితి ఉంది, ఆన్‌లైన్‌లో ముందే టికెట్ తీసుకోవాలి. శని, ఆదివారాలు అసలు వద్దు. మీ నాన్నగారికి కూడా ఇబ్బంది ఉండదు, నేల దాదాపు చదునే. అయితే రాతి మీద నాచుంటుంది, జారకుండా చూసుకోవాలి.

చిన్నకొండ_హైదరాబాద్ | జులై 8, ఉదయం 10:30

కల్లిప్పార పేరు చూసి రాస్తున్నాను. 2022 అక్టోబరులో అక్కడికి వెళ్ళాం. కొండ కింద నుంచే బండ్లు బారులు తీరాయి. పైకి వెళ్తే జనం దారి వదిలి పొదల మధ్యలోకి దిగి కూర్చుని ఫొటోలు. ఒక్కో ఫొటోకు ఎన్ని మొక్కలు నలిగాయో. కొందరు కట్టలు కట్టి పూలు పట్టుకెళ్తున్నారు. నీళ్ళ సీసాలు, చిప్స్ పొట్లాలు పొదల అడుగున. మేము ఓ సంచి నిండా ఏరి కిందికి తెచ్చాం. తిరుగుదారిలో పిల్లవాడు ఏడ్చాడు.

నా మాట ఇదే: ఈ వేదికలో పూలు ఎక్కడ పూశాయో ఊరి పేరుతో సహా రాయడం మానేద్దాం. చూడాలన్న తపన నిజంగా ఉన్నవారు వెతుక్కుంటారు.

కాఫీతోట_బెంగళూరు | జులై 8, ఉదయం 11:15

మీ బాధ అర్థమైంది, కానీ ఒప్పుకోలేను. చోటు దాచిపెడితే ఎవరికి దాచినట్టు? డబ్బు, కారు, పరిచయాలు ఉన్నవాళ్ళకు ఎలాగూ తెలుస్తుంది. మొదటిసారి అడిగే గుంటూరు కుటుంబానికి తెలియదు, అంతే. చిక్కమగళూరులో ఆ నెలరోజులు జీపు నడిపినవాళ్ళు, టీ కాచి అమ్మినవాళ్ళు పూల మీద ఎంత శ్రద్ధగా ఉన్నారో చూశాను. కొండ మీద ఎవరైనా పువ్వు తెంపితే ముందుగా అరిచింది జీపు డ్రైవర్లే.

చిన్నకొండ_హైదరాబాద్ | జులై 8, మధ్యాహ్నం 12:40

అక్కడ అరిచేవాళ్ళు ఉన్నారు, సంతోషం. కల్లిప్పారలో మొదటి వారం ఎవరూ లేరు. పూసేది ఒక్కసారే అని మాస్టారు చెప్పాక కూడా మనం "అందరూ చూడాలి కదా" అనడం న్యాయమా? మొక్కకు మాట లేదు కాబట్టి ఎవరో ఒకరు దాని తరఫున గట్టిగా మాట్లాడాలి.

నీలిమబ్బు_కొచ్చి | జులై 8, మధ్యాహ్నం 3:25

ఇద్దరి మాటల్లోనూ నిజముంది. గేటు, టికెట్, కాపలా ఉన్న చోట్ల పేర్లు ధైర్యంగా రాద్దాం: ఎరవికులం (రాజమల ఉన్న జాతీయవనం), కాస్, సంజయ్ గాంధీ వనం. అక్కడ ఎంతమంది వెళ్ళాలో చూసుకునేవాళ్ళున్నారు. కాపలా లేని కొండవాలు మీద పూత కనిపిస్తే జిల్లా పేరు దాకా చెప్పి ఆపేద్దాం. అటవీ శాఖవారు అక్కడ తాడు కట్టి మనుషులను పెట్టాక ఊరి పేరు రాయవచ్చు.

చట్టం కూడా తెలుసుకోవాలి. నీలకురింజిని వన్యప్రాణి సంరక్షణ చట్టం మూడో షెడ్యూలులో చేర్చారు. పెరికినా, నాశనం చేసినా జరిమానా, మూడేళ్ళ దాకా జైలు. 2024లో ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘం ఎర్ర జాబితాలోనూ ముప్పులో ఉన్న (వల్నరబుల్) జాతిగా చేరింది. పూలు తెంపేవాళ్ళు చేసేది ఒకెత్తు. అంతకన్నా పెద్ద దెబ్బ గడ్డి మైదానాలను తేయాకు తోటలుగా, యూకలిప్టస్, వాటిల్ చెట్ల తోటలుగా మార్చడం. కురింజికి కావలసింది చెట్ల నీడ లేని ఎత్తైన గడ్డి కొండ. అది పోతే ఎవరూ పువ్వు కోయకపోయినా మొక్క ఉండదు. వట్టవడ, కొట్టకంబూర్ ఊళ్ళ దగ్గర 2006లో 32 చదరపు కిలోమీటర్లను కురింజిమల అభయారణ్యంగా ప్రకటించింది అందుకే.

వేదిక_నిర్వాహకులు | జులై 8, సాయంత్రం 6:00

నీలిమబ్బు గారి సూచనను ఈ విభాగానికి నియమంగా పెడుతున్నాం. కాపలా లేని పూతకొండలకు జిల్లా పేరు వరకే. ఇంతకుముందు వేసిన పోస్టుల్లోని పేర్లు పత్రికల్లో వచ్చినవే కాబట్టి తీయడం లేదు.

గడపపూలు_మియాపూర్ | జులై 9, ఉదయం 7:20

ఆన్‌లైన్‌లో నీలకురింజి విత్తనాల పొట్లాలు అమ్ముతున్నారు. మా మిద్దెతోటలో పెంచవచ్చా? అడవికి వెళ్ళి తొక్కడం కన్నా ఇంట్లో పెంచుకోవడం మంచిది కదా.

మొక్కల_మాస్టారు | జులై 9, ఉదయం 8:50

వద్దమ్మా. ఆ మొక్కను దగ్గర ఉంచుకోవడానికి, పెంచడానికి చట్టం ఒప్పుకోదు. ఆ పొట్లంలో ఉన్నది కురింజి అయ్యే అవకాశం కూడా తక్కువే. నిజంగా అదే అయినా 1,300 మీటర్ల పైన చల్లటి మంచుగాలిలో బతికే మొక్క మియాపూర్ మిద్దె మీద మే నెల దాటదు.

దాని బదులు దాని చుట్టాలను పెట్టండి. ఒక కుండీలో కనకాంబరం, ఒకదానిలో ఊదా డిసెంబరాలు, మూలన ఓ అడ్డసరం. ముళ్ళగోరింట, నీరుగొబ్బి ఉంటే ఇంకా మంచిది, పసుపు, నీలం రెక్కల పాన్సీ సీతాకోకచిలుకలు వాటి ఆకుల మీదే గుడ్లు పెడతాయి. నల్లమలలో కూడా ఈ కుటుంబానికి చెందిన మన సొంత మొక్క ఒకటుంది, ఆండ్రోగ్రాఫిస్ నల్లమలయానా. ఆ కొండల పేరే పెట్టారు. నేలవేముకు దగ్గరి చుట్టం. పదుల ఏళ్ళు మొక్కల పాఠం చెప్పిన నాకు మున్నార్ కొండల మీద ఎంత ప్రేమో, శ్రీశైలం దారిలో కనిపించే ఈ చిన్న మొక్కల మీద అంతే ప్రేమ. వాటిని చూడ్డానికి బస్సులు కట్టుకుని ఎవరూ రారు, రావాలని నా కోరిక.

కాకినాడ_తీరం | జులై 9, రాత్రి 9:15

చాలా రోజులుగా చదువుతూనే ఉన్నాను, ఇక రాయకుండా ఉండలేను. మాస్టారూ, మా కోరింగ మడ చెట్టు కూడా ఈ కుటుంబంలోనే చేరిందని ఒక శిక్షణ తరగతిలో చెప్పారు. కొండ మీద రెండు వేల మీటర్ల ఎత్తున ఉండే కురింజికి, మా ఉప్పునీటి బురదలో ఉండే చెట్టుకు చుట్టరికమా?

మొక్కల_మాస్టారు | జులై 9, రాత్రి 10:05

అవును. ఇది తెలిసినరోజు నేను చాలాసేపు పుస్తకం మూయలేదు. మడ చెట్టు, అంటే అవిసెన్నియా, ఇంతకుముందు టేకు బంధువుల వైపు ఉండేది, లేదా విడిగా ఒక కుటుంబంగా పెట్టేవారు. డీఎన్ఏ పోల్చి చూశాక దాన్ని అకాంథేసిలోకి తెచ్చారు. దాని కాయలో ఆ కొక్కేలు ఉండవు, అందుకే పాతవాళ్ళు గుర్తుపట్టలేదు. అయినా వంశం ఇదే.

పద్ధతి చూడండి, కురింజికి పూర్తిగా ఎదురు. మడ ఏటా పూస్తుంది, చిన్న పసుపు పూలు. గింజ చెట్టు మీద ఉండగానే కాయ లోపల మొలక సిద్ధమైపోతుంది. రాలి నీటిలో తేలి, బురద తగిలిన చోట వెంటనే వేరు దించుతుంది. ఒక చెట్టు విత్తును వాన కోసం ఆపుతుంది, ఇంకొకటి ఆటుపోటుకు అప్పగిస్తుంది.

కాకినాడ_తీరం | జులై 10, ఉదయం 6:40

అయితే సంచారి గారూ, మీకు గుంటూరు నుంచి మున్నార్ కన్నా మేమే దగ్గర. కాకినాడ నుంచి యానాం వైపు వెళ్ళే దారిలో కోరింగ అభయారణ్యం. గోదావరి పాయల మధ్య 235 చదరపు కిలోమీటర్లు. బురద మీద చెక్కల వంతెన దారి వేశారు, మీ నాన్నగారు నెమ్మదిగా చేయి పట్టుకుని నడవవచ్చు. మెట్లు పెద్దగా లేవు. దారికి రెండువైపులా మడ చెట్లు, కింద బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన శ్వాసవేర్లు వేలకొద్దీ. ఆటు సమయంలో వెళ్తే వేర్లు, పీతలు, బురదలో ఎగిరే చేపలు బాగా కనిపిస్తాయి. పోటు ఉన్నప్పుడు పడవ తిరుగుతుంది. మడ ఆకు అడుగు వైపు వేలితో రాసి నాలుక మీద పెట్టుకోమని పిల్లలకు చెప్పండి, ఉప్పగా ఉంటుంది. చెట్టు తాగిన ఉప్పును ఆకుల ద్వారా బయటికి పంపేస్తుంది.

కాలువ ఒడ్డున ముళ్ళ ఆకులతో, లేత నీలి పూలతో ఒక పొద ఉంటుంది. అకాంథస్ ఇలిసిఫోలియస్. అది మాస్టారు చెప్పిన గ్రీకు స్తంభాల ఆకు ప్రజాతిదే. మీ అమ్మగారికి నీలం పూలు కావాలంటే ఇవీ నీలమే. నీటిపిల్లులు, నీటికుక్కలు ఉన్నాయి కానీ పగటిపూట కనిపిస్తాయని మాట ఇవ్వను. తుఫాను వచ్చినప్పుడు అలల దెబ్బను ముందు ఈ చెట్లే కాస్తాయి, అందుకే మాకు వీటి మీద అంత మమకారం. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య రండి. దోమలుంటాయి, పూర్తి చేతుల బట్టలు వేసుకోవాలి.

వలిసెపూలు_అరకు | జులై 10, మధ్యాహ్నం 2:10

కుటుంబం వేరే అయినా నవంబరులో కాకినాడ దాకా వస్తే అరకు కూడా కలుపుకోండి. వలిసె చేలు పసుపుగా విరగబూస్తాయి. అది పొద్దుతిరుగుడు కుటుంబం, నూనెగింజ పంట. ఒక్క మాట, అది గిరిజన రైతు చేను, తోట కాదు. ఫొటోకు డబ్బు అడిగితే ఇవ్వండి, బేరమాడకండి. చేలో మధ్యకు నడిస్తే గింజ రాలుతుంది, గట్టు మీదే నిలబడండి.

నీలిమబ్బు_కొచ్చి | జులై 10, సాయంత్రం 7:30

పూలు లేని మున్నార్ గురించి రాస్తానన్నాను. కురింజి పూయని పదకొండేళ్ళలోనే ఆ కొండ అసలు రూపం కనిపిస్తుందని నా నమ్మకం. ఎరవికులం 97 చదరపు కిలోమీటర్ల జాతీయవనం. కొండ తల మీద గడ్డి, లోయల మడతల్లో షోలా అనే పొట్టి చెట్ల దట్టమైన అడవి. గడ్డి వాన నీటిని పట్టి, షోలా నెమ్మదిగా వదులుతుంది. 2,695 మీటర్ల ఆనైముడి, దక్షిణ భారతంలో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం, అక్కడే ఉంది. నీలగిరి తార్ అనే కొండమేకలు రోడ్డు పక్కనే మేస్తుంటాయి. ప్రపంచంలో ఇవి ఎక్కువగా ఉన్నది ఇక్కడే. అవి ఈనే కాలమని ఏటా దాదాపు ఫిబ్రవరి, మార్చి నెలల్లో సందర్శన ఆపేస్తారు.

సంచారి గారి నాన్నగారి కోసం: కింద గేటు నుంచి పైదాకా అటవీ శాఖ బస్సే తీసుకెళ్తుంది. అక్కడి నుంచి తారురోడ్డు మీద ఎగువకు నడవాలి. ఆయన బస్సు దిగిన చోటే కూర్చున్నా లోయ కనిపిస్తుంది, తార్లు కూడా అక్కడికే వస్తాయి. ఉదయం మొదటి బస్సులకు వెళ్ళండి, పది దాటితే మబ్బు కమ్మేస్తుంది. రోడ్డు పక్క నడుము ఎత్తు దాకా ఉండే ముతక ఆకుల పొదలు కురింజివే. పిల్లలకు చూపించి, 2030లో ఇవి పూస్తాయని చెప్పండి.

రెండో రోజు టాప్ స్టేషన్ వెళ్ళండి. మున్నార్ నుంచి ముప్పై రెండు కిలోమీటర్లు, దారిలో మాట్టుపెట్టి, కుండల చెరువులు. ఒకప్పుడు కుండల లోయ నుంచి తేయాకు పెట్టెలు చిన్న రైల్లో ఇక్కడికి వచ్చి, తీగల మీద తమిళనాడు వైపు దిగేవి. 1924 వరదలో ఆ రైలు కొట్టుకుపోయింది. మూడో రోజుకు ఓపికుంటే మరయూర్. అక్కడ వాన తక్కువ, గంధపు చెట్ల అడవి, చెరకు బెల్లం బట్టీలు. వేడి బెల్లం పిల్లలు మర్చిపోరు.

రైలు: శబరి ఎక్స్‌ప్రెస్ గుంటూరు మీదుగా వస్తుంది. ఆలువలో దిగండి. అక్కడి నుంచి మున్నార్ 110 కిలోమీటర్లు, ఘాట్ రోడ్డు కాబట్టి నాలుగు గంటలు వేసుకోవాలి. అడిమాలి దాటాక మలుపులు ఎక్కువ, పిల్లలకు కడుపు తిప్పుతుంది, ఖాళీ కడుపుతో ఎక్కించవద్దు.

సంచారి_గుంటూరు | జులై 11, ఉదయం 9:00

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మొత్తం అమ్మకు చదివి వినిపించాను. కురింజి ఒక్కసారి పూసి చనిపోతుందన్న దగ్గర ఆగి మళ్ళీ చదవమంది. ఇప్పుడు మా నిర్ణయం ఇది. ఈ ఏడు నవంబరులో కోరింగ, అరకు. మున్నార్ వచ్చే ఏడాది, పూల కోసం కాకుండా తార్ల కోసం. 2030కి అమ్మకు డెబ్బై నాలుగు వస్తాయి, అప్పుడు వెళ్ళి తీరాలని ఆమె పంతం. అప్పటికి రాజమల టికెట్లు ఎంత ముందు తీసుకోవాలి?

నీలిమబ్బు_కొచ్చి | జులై 11, ఉదయం 9:45

2018లో జనాన్ని చూశాను కాబట్టి చెప్తున్నాను, 2030 వేసవి నుంచే కేరళ అటవీ శాఖ ప్రకటనలు గమనించండి. ఆగస్టు మూడో వారం తర్వాత, ఓణం సెలవులు వదిలేసి, మామూలు పనిదినం చూసుకోండి. వానలు ఎక్కువైతే తేదీ మార్చుకునేలా గది తీసుకోవాలి. అమ్మగారికి స్వెటర్, మంచి పట్టున్న చెప్పులు.

పూలరైతు_అనంత | జులై 11, ఉదయం 10:20

ఈలోగా మా తోటకు రండమ్మా. వేకువన అయిదింటికల్లా చేలో ఉండాలి.

సంచారి_గుంటూరు | జులై 11, ఉదయం 10:32

అమ్మ దసరా సెలవుల్లో వస్తానంటోంది. ఊరి వివరాలు నాకు విడిగా సందేశంలో పంపండి.